వికార్‌కు ఏడాదికి ఎన్ని పౌండ్లు?

జేన్ ఆస్టెన్ రాసిన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' 1813లో అచ్చయింది. అందులో కాలిన్స్ అనే చర్చి గురువు ఉంటాడు. నెదర్‌ఫీల్డ్ బంగళాలో డాన్సు జరుగుతుంటే, అడగనివాళ్ళకు కూడా వినిపించేంత గొంతుతో, రెక్టార్ అనే ఊరి చర్చి గురువు బాధ్యతలు వరసపెట్టి చెప్పడం మొదలుపెడతాడు. అన్నిటికంటే ముందు దశమ భాగాల, అంటే ఊరి పంటలో చర్చికి రావలసిన పదో వంతు, లెక్క తేల్చుకోవాలట. ఆ ఒప్పందం తనకు లాభంగా ఉండాలి, తనకు ఆ ఉద్యోగం ఇప్పించినవారికి కోపం తెప్పించకూడదు. ప్రసంగం రాసుకోవడం ఆ తర్వాతి మాట.

పాఠకులు ఇక్కడ నవ్వుతారు. నవ్వాలనే రాసింది ఆవిడ. కానీ కాలిన్స్ అబద్ధం ఆడలేదు. ఆ రోజుల్లో ఇంగ్లండ్ పల్లెలో చర్చి ఉద్యోగమంటే ముందు ఒక ఆస్తి, దాని మీద ఒక ఆదాయం. ఆస్టెన్ తండ్రి కూడా స్టీవెంటన్ అనే ఊరికి రెక్టారే కాబట్టి ఈ లెక్కలు ఆవిడ ఇంట్లోనే విని పెరిగింది.

ఇంగ్లిష్ నవలల్లో చర్చి మనుషులు అడుగడుగునా తగులుతారు. రెక్టార్, వికార్, క్యూరేట్. మన అనువాదాల్లోనూ కాలేజీ గైడ్లలోనూ వీళ్ళంతా కలిసి 'మతగురువు' అయిపోతారు. తప్పేమీ కాదు గానీ, అక్కడితో కథలో సగం జారిపోతుంది. ఆ కాలపు పాఠకుడికి ఆ ఒక్క మాట చెవిన పడితే చాలు, ఆ మనిషి రాబడి ఎంత, ఇల్లు ఎలాంటిది, పెళ్ళి సంబంధాల్లో ఎంత పలుకుతాడు అన్నవి తెలిసిపోయేవి. వీటిలో ఎక్కువ తిరుగుళ్ళు తిరిగిన మాట వికార్.

లాటిన్‌లో వికారియస్ అంటే ఒకరి బదులు పనిచేసేవాడు. వైస్ ప్రెసిడెంట్‌లోని 'వైస్' కూడా ఆ కుదురులోదే. డయోక్లెటియన్ చక్రవర్తి రోమన్ పాలనను మార్చినప్పుడు కొన్ని రాష్ట్రాలను కలిపి ఒక డయోసిస్ చేశారు. దాని మీద పెట్టిన అధికారి పేరు వికారియస్. ఇవాళ డయోసిస్ అంటే ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం. పూర్తిగా చర్చి మాటలనిపించే ఈ రెండూ మొదట సర్కారు మాటలే. పోప్‌ను క్రీస్తు వికార్ అని పిలవడం మూడో ఇన్నోసెంట్ కాలంలో, అంటే 1198 నుంచి 1216 మధ్య, గట్టిగా స్థిరపడింది. పోర్చుగీసుల నోటి మీదుగా అదే మాట కేరళ చేరి మలయాళంలో వికారి అయింది. అక్కడ ఊరి చర్చి గురువును ఇప్పటికీ అలాగే పిలుస్తారు. తెలుగు కథోలికులకు ఆయన విచారణ గురువు. ప్రొటెస్టెంట్ సంఘాల్లో పాస్టర్‌ను అయ్యగారు అంటారు. మనకు వికారి అంటే పంచాంగంలో ఒక సంవత్సరం, 2019 ఉగాదికి వచ్చింది. పైగా వినగానే వికారం గుర్తొస్తుంది. ఆ మలయాళం మాట ఇటువైపు రాకపోవడమే మంచిదైంది.

సరే, పోప్ క్రీస్తు బదులు. మరి ఇంగ్లండ్‌లోని పల్లెటూరి వికార్ ఎవరి బదులు? దేవుడి బదులు అనుకుంటే పొరపాటు. ఆయన రెక్టార్ బదులు. ఈ జవాబులోనే డబ్బు వ్యవహారమంతా ఉంది.

దశమ భాగం మన క్రైస్తవ కుటుంబాలకు తెలిసిన మాటే. ఇక్కడ అది విశ్వాసులు మనస్ఫూర్తిగా ఇచ్చేది. ఇంగ్లండ్‌లో అలా కాదు. ఊళ్ళో పండే పంటలో పదో వంతు చర్చికి ఇవ్వాలని చట్టం. ఆ చర్చి గడప తొక్కని క్వేకర్లు అనే వేరే క్రైస్తవ శాఖవాళ్ళు కూడా కట్టాల్సిందే. కట్టకపోతే సామాను జప్తు చేసేవారు, కొందరు జైలుకు కూడా వెళ్ళారు. ఈ వసూలులో రెండు రకాలుండేవి. ధాన్యం, ఎండుగడ్డి, కలప మీద వచ్చేది పెద్ద భాగం. గొర్రెపిల్లలు, కోడిగుడ్లు, పళ్ళు, కూరగాయల మీద వచ్చేది చిన్న భాగం. ఊరి చర్చికి అసలు హక్కుదారు రెక్టార్. రెండు భాగాలూ ఆయనవే.

మధ్యయుగంలో మఠాలు రంగంలోకి దిగాయి. ఊరి పెద్దలు పుణ్యం కోసం తమ చర్చిని ఏ మఠానికో రాసిచ్చేవారు. అప్పుడు మఠమే రెక్టార్ అయిపోయేది. మరి ఊళ్ళో పిల్లలకు బాప్తిస్మం ఇవ్వడానికి, చనిపోయినవాళ్ళను పూడ్చడానికి ఒక మనిషి కావాలి కదా. మఠం తన బదులు ఒకరిని పెట్టేది. ఆయనే వికార్. పెద్ద భాగం మఠం గాదెకు పోయేది, గుడ్లూ కూరగాయలూ వికార్‌కు మిగిలేవి. మరీ తిండికి లేకుండా మాడ్చేస్తున్నారని, వికార్‌కు బతకడానికి సరిపడా వాటా ఇవ్వాలని 1215లో చర్చి పెద్దల నాలుగో లాటరన్ మహాసభ ఆదేశించాల్సి వచ్చింది.

ఆ తర్వాత ఎనిమిదో హెన్రీ వచ్చాడు. 1536 నుంచి 1540 లోపు మఠాలన్నీ మూయించేశాడు. ఆ మఠాల కింద ఉన్న పెద్ద భాగాలు చర్చికి తిరిగి రాలేదు. రాజు వాటిని భూస్వాములకు అమ్మాడు, కావలసినవాళ్ళకు పంచాడు. బైబిల్ తెరవని దొర కూడా ఒక ఊరికి రెక్టార్ హోదా సంపాదించి, పదో వంతు ధాన్యం పట్టుకుపోవడం మొదలైంది. చర్చిలో ఉన్న వికార్ మాత్రం గుడ్లు లెక్కపెట్టుకుంటూ ఉండిపోయాడు. ఈ పాత హక్కుతో పాటు ఒక బరువు కూడా ఉండేది. చర్చిలో బలిపీఠం ఉండే భాగానికి మరమ్మతులు ఆ దొర రెక్టారే చేయించాలి. అది ఎంత మొండి బాధ్యతంటే, వార్విక్‌షైర్‌లోని ఆస్టన్ కాంట్లో ఊళ్ళో ఒక పాత చర్చి పొలం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మరమ్మతు ఖర్చు భరించాలని 2003లో, అప్పట్లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. అప్పటికి ఆ బిల్లు దాదాపు 95 వేల పౌండ్లు.

రెక్టార్, వికార్ తర్వాత క్యూరేట్. ఇతనికి దశమ భాగంలో వాటా ఏమీ లేదు, నెలజీతగాడు. రెక్టారో వికారో తన పని చేయించుకోవడానికి పెట్టుకున్న మనిషి. వద్దంటే వెళ్ళిపోవాలి. వీటి మధ్యలో శాశ్వత క్యూరేట్ అనే వింత హోదా ఇంకొకటి ఉండేది. పెద్ద భాగం, చిన్న భాగం రెండూ దొరే మింగేసిన ఊళ్ళలో గురువుకు ఏటా ఇంత అని ఒక స్థిరమైన మొత్తం ఇచ్చేవారు. తీసేయడానికి వీల్లేదు కాబట్టి శాశ్వతం, అంతే. రచయిత్రులైన బ్రాంటే అక్కచెల్లెళ్ళ తండ్రి 1820 నుంచి హావర్త్‌లో ఉన్నది ఈ ఉద్యోగంలోనే.

ఇక ఈ పదవులు ఎవరిస్తారు? బిషప్ ఇస్తాడనుకుంటాం. చాలా ఊళ్ళలో ఆ హక్కు స్థానిక జమీందారుది. దేవుడి మాన్యం అనుభవించే అర్చకుడిని ఎంపిక చేసే హక్కు ఊరి మోతుబరి చేతిలో ఉండి, ఆ హక్కును ఆయన పొలంలాగా అమ్ముకోగలిగితే ఎలా ఉంటుందో అలా ఉండేది వ్యవహారం. ఈ పదవిని ఇంగ్లిష్‌లో లివింగ్ అనేవారు, అంటే బతుకుతెరువు. ఎవరూ సిగ్గుపడకుండా ఆ పేరే వాడారు. ఆస్టెన్ 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ'లో కర్నల్ బ్రాండన్, ఎడ్వర్డ్ అనే కుర్రాడికి డెలఫర్డ్ లివింగ్ ఇస్తూ ఒక మాట అంటాడు. అది రెక్టరీయే గానీ చిన్నదని, అంతకుముందున్నాయనకు ఏడాదికి రెండు వందల పౌండ్లకు మించి వచ్చినట్టు లేదని. ఆ ఊళ్ళో ఎంతమంది విశ్వాసులున్నారో ఎవరూ అడగరు.

ఈ వెలుగులో 'ఎమ్మా' నవల చదివితే ఎల్టన్ పాత్ర ఇంకోలా కనిపిస్తుంది. ఎల్టన్ హైబరీ వికార్. అందగాడు, మాటకారి. అతని ఇల్లు పాతది, అంత మంచిది కాదు, రోడ్డును దాదాపు ఆనుకుని ఉంటుందని ఆస్టెన్ చెప్తుంది. వికార్ అనగానే రాబడి సన్నగా ఉంటుందని అప్పటి పాఠకుడికి తెలుసు. అందుకే అతను ముప్ఫై వేల పౌండ్ల వారసురాలు ఎమ్మా వైపు చూస్తాడు. ఎమ్మా మాత్రం అతను తన పేద స్నేహితురాలు హ్యారియట్‌ను ప్రేమిస్తున్నాడని అనుకుంటూ ఉంటుంది. ఒక వికార్ డబ్బులేని పిల్లను చేసుకోడని ఆమెకు తట్టకపోవడంలోనే హాస్యమంతా ఉంది. చివరికి ఎల్టన్ బాత్ నగరానికి వెళ్ళి, పదివేలు అని చెప్పుకోదగ్గ కట్నం ఉన్న అమ్మాయిని చేసుకొస్తాడు. 'మతగురువు' అనే మాటతో ఈ కథ చదివితే ఎల్టన్ దురాశపరుడు మాత్రమే. వికార్ అని చదివితే అతని దురాశ ఎక్కడ పుట్టిందో కూడా తెలుస్తుంది.

ఈ మాటను పేరులోనే పెట్టుకున్న నవల ఆలివర్ గోల్డ్‌స్మిత్‌ది, 'ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్'. 1766లో వచ్చింది. ఇంటద్దె కట్టలేక గోల్డ్‌స్మిత్ చిక్కుల్లో పడితే, అతని స్నేహితుడైన రచయిత శామ్యూల్ జాన్సన్ ఆ రాతప్రతి పట్టుకెళ్ళి అరవై పౌండ్లకు అమ్మి పెట్టాడు. కథానాయకుడు ప్రిమ్‌రోజ్ వేక్‌ఫీల్డ్ వికార్. అతని లివింగ్ విలువ ఏడాదికి ముప్ఫై ఐదు పౌండ్లు. చేతిలో పద్నాలుగు వేల పౌండ్ల సొంత ఆస్తి ఉంది కాబట్టి ఆ ముప్ఫై ఐదూ చనిపోయిన గురువుల భార్యాపిల్లలకు ఇచ్చేస్తాడు. క్యూరేట్‌ను పెట్టుకోనని కూడా ఒట్టు పెట్టుకుంటాడు. ఆ రెండో మాటను మనం గబుక్కున దాటేస్తాం గానీ, అప్పటి పాఠకుడికి అది పెద్ద విషయం. జీతం తాను తీసుకుని పని ఇంకొకడితో చేయించే వికార్లు ఊరూరా ఉన్న కాలమది.

ఆ తర్వాత డబ్బు దాచిన వ్యాపారి పారిపోతాడు. పద్నాలుగు వేలు నాలుగు వందలవుతుంది. ప్రిమ్‌రోజ్ కుటుంబంతో సహా దూరంగా ఇంకో ఊరికి వెళ్ళిపోతాడు. అక్కడ ఏడాదికి పదిహేను పౌండ్లు వచ్చే చిన్న చర్చి పని, దానితో పాటు కొద్దిగా సేద్యం. గమనిస్తే తమాషాగా ఉంటుంది. 'వేక్‌ఫీల్డ్ వికార్' మొదటి రెండు మూడు అధ్యాయాల్లోనే వేక్‌ఫీల్డ్ వదిలేస్తాడు. ఆ తర్వాత పుస్తకమంతా అతను ఆ ఊళ్ళో లేడు, ఆ పదవిలోనూ లేడు. పేరు మాత్రం పోగొట్టుకున్న దాన్నే పట్టుకుని ఉంది. గోల్డ్‌స్మిత్ కావాలనే పెట్టాడా అంటే చెప్పలేం గానీ, ఆస్తి కరిగిపోయాక మనిషిలో ఏం మిగులుతుందని అడిగే నవలకు ఇంతకంటే సరైన పేరు దొరకదు. నాలుగేళ్ళ తర్వాత 'ది డెజర్టెడ్ విలేజ్' కావ్యంలో ఆయనే ఏడాదికి నలభై పౌండ్లతో మహా ధనవంతుడిగా బతికిన పల్లె గురువును చిత్రించాడు. అక్కడా లెక్క చెప్పకుండా ఉండలేకపోయాడు.

ఈ నవల మనకు పరాయిది కాదు. కందుకూరి వీరేశలింగం 'రాజశేఖర చరిత్రము'కు ప్రేరణ ఇదే. 1878లో ఆయన పత్రిక 'వివేకవర్ధని'లో వచ్చి, 1880లో పుస్తకమైంది. హచిన్‌సన్ అనే మిషనరీ దాన్ని 'ఫార్చ్యూన్స్ వీల్' పేరుతో ఇంగ్లిష్‌లోకి మార్చగా 1887లో వెలువడింది. కలిగిన కుటుంబం, ఆస్తి పోవడం, ఊరు విడవడం, కష్టాలు, చివరికి తేరుకోవడం, ఇదంతా గోల్డ్‌స్మిత్ దారే. వీరేశలింగం తీసుకోకుండా వదిలేసింది మాత్రం సరిగ్గా ఈ వికార్ పదవినే. రాజశేఖరుడు అర్చకుడు కాడు, పురోహితుడు కాడు. ధవళేశ్వరంలో ఉన్న సంపన్న బ్రాహ్మణ గృహస్థు. గోదావరి ఒడ్డున దశమ భాగమూ లేదు, లివింగూ లేదు కాబట్టి ఆ ఉద్యోగాన్ని తెచ్చి పెట్టడానికి చోటు లేదు.

దాంతో ఆస్తి పోయే కారణం కూడా మారిపోయింది. ప్రిమ్‌రోజ్ డబ్బు ఒక్క దెబ్బతో వ్యాపారి చేతిలో పోతుంది. రాజశేఖరుడి డబ్బు కొంచెం కొంచెంగా కరుగుతుంది. పొగిడేవాళ్ళు, ఇంట్లో తిష్ఠవేసిన బంధువులు, పెళ్ళి ఖర్చు, చివరికి బంగారం చేస్తానని వచ్చి ఉన్నదంతా ఊడ్చుకుపోయిన దొంగ సన్యాసి. వీరేశలింగం సంస్కర్త కాబట్టి వీటిని దుయ్యబట్టాలనుకున్నాడు, నిజమే. కానీ వికార్‌ను తీసేశాక ఆ ఖాళీని ఏదో ఒకటి నింపాలి కదా. దాన్ని మన ఊరి జబ్బులతో నింపడం వల్లే ఆ పుస్తకం అనువాదం కాకుండా తెలుగు నవల అయింది. అది గోల్డ్‌స్మిత్‌కు నకలు అని తేలిగ్గా తీసిపారేసేవాళ్ళు ఈ సంగతి పట్టించుకోరు.

ఇంగ్లండ్‌కు తిరిగి వస్తే, బదులు మనిషికి బదులు మనిషి కథ జార్జ్ ఎలియట్ రాసింది. 1857లో వచ్చిన ఆమె మొదటి కథలో ఆమోస్ బార్టన్ ఒక క్యూరేట్. భార్య, ఆరుగురు పిల్లలు, ఏడాదికి ఎనభై పౌండ్లు. అసలు వికార్ ఇంకోచోట ఉంటాడు. భార్య కాన్పులో చనిపోయాక, ఊరివాళ్ళకు ఆమోస్ మీద జాలి, ప్రేమ మొదలైన సమయానికి వికార్ ఆ పని తన బావమరిదికి ఇవ్వడానికి ఇతన్ని ఖాళీ చేయమంటాడు. మొదటి ఓటమి దైవికం, రెండోది కేవలం క్యూరేట్ కావడం వల్ల వచ్చింది. నవలాకారుడు ట్రోలప్ 1867లో ముగించిన బార్సెట్ నవలల్లో క్రాలీ ఇంకో మెట్టు. మహా పండితుడు, శాశ్వత క్యూరేట్, ఏడాదికి నూట ముప్ఫై పౌండ్లు. అతని మీద ఇరవై పౌండ్ల చెక్కు దొంగిలించాడన్న నింద పడుతుంది. అదే లోకంలో ఫ్రామ్లీ ఊరి వికార్‌కు తొమ్మిది వందల పౌండ్లు. అంటే వికార్లంతా పేదవాళ్ళేమీ కాదు. ఊరు, పోషకుడు ఎవరన్నది చూసి లెక్క మారుతుంది. ట్రోలప్ అంకె చెప్పకుండా ఒక్క గురువునూ పరిచయం చేయడు. అది కొందరికి చిరాకు. నిజానికి ఆయన బలం అదే.

పదవి ఇంత విలువైనదైతే దాన్ని పట్టుకుని వేలాడేవాళ్ళూ ఉంటారు. బర్క్‌షైర్‌లోని బ్రే ఊరి వికార్ అలాంటివాడు. థామస్ ఫుల్లర్ 1662 నాటి తన పుస్తకంలో అతని సంగతి చెప్పాడు. ఎనిమిదో హెన్రీ నుంచి ఎలిజబెత్ దాకా నలుగురు పాలకులు మారితే, అతనూ వాళ్ళతో పాటు రెండుసార్లు కథోలికుడు, రెండుసార్లు ప్రొటెస్టెంట్ అయ్యాడట. నీకు సిద్ధాంతం లేదా అని ఎవరో అడిగితే, ఎందుకు లేదు, బ్రే వికార్‌గానే బతకాలి, బ్రే వికార్‌గానే చావాలి అన్నది నా సిద్ధాంతం అన్నాడట. పద్దెనిమిదో శతాబ్దంలో దీన్ని పాట కట్టినప్పుడు కాలాన్ని రెండో చార్లెస్ నుంచి మొదటి జార్జ్ వరకు జరిపారు. ఏ ఎండకా గొడుగు పట్టే రాజకీయ నాయకుడిని ఇంగ్లిష్ పత్రికలు ఇప్పటికీ బ్రే వికార్ అంటాయి. జార్జ్ ఆర్వెల్ మాత్రం 1946లో అతన్ని సమర్థిస్తూ ఒక వ్యాసం రాశాడు. ఎందుకయ్యా అంటే, ఆ వికార్ నాటాడని చెప్పే చెట్టు ఇంకా చర్చి ఆవరణలో బతికి ఉందని.

1836 చట్టం ధాన్యం బదులు నగదు కట్టే పద్ధతి తెచ్చింది. 1868లో ఇంకో చట్టం రెక్టార్ కాని ఊరి గురువులు చాలామందికి వికార్ అని పిలిపించుకునే వీలు ఇచ్చింది. శాశ్వత క్యూరేట్లు రాత్రికి రాత్రే వికార్లయ్యారు. అప్పటి నుంచి ఆ మాటలోని డబ్బు వాసన తగ్గుతూ వచ్చి, టీ కప్పు, మొహమాటం, చర్చి తోటలో సంబరాలు ఆ చోటుకు వచ్చాయి. 1895లో 'పంచ్' అనే హాస్య పత్రిక వేసిన బొమ్మ ఈ మార్పులో ఒక మెట్టు. బిషప్ ఇంట్లో కుళ్ళిన గుడ్డు వడ్డిస్తే, పాపం క్యూరేట్ వినయంగా, లేదండీ, అక్కడక్కడా చాలా బాగుంది అంటాడు. బాగోగులు కలిసిన దేన్నైనా ఇంగ్లిష్‌వాళ్ళు క్యూరేట్ గుడ్డు అనడం అక్కడి నుంచే. నిజానికి క్యూరేట్ భయపడ్డది గుడ్డుకు కాదు, తన తర్వాతి పోస్టింగ్ ఆ బిషప్ చేతిలో ఉందన్న టెన్షన్. 1930లో అగాథా క్రిస్టీ మిస్ మార్పుల్ అనే వృద్ధ డిటెక్టివ్‌ను తొలిసారి నవలకెక్కించినప్పుడు కథ చెప్పేది ఒక వికార్. శవం దొరికేది ఆయన చదువుకునే గదిలోనే. 1994లో ఇంగ్లండ్ చర్చి తొలిసారి స్త్రీలకు గురుత్వ అభిషేకం చేసింది. అదే ఏడాది బీబీసీలో 'ది వికార్ ఆఫ్ డిబ్లీ' హాస్య ధారావాహిక మొదలైంది. అందులో వికార్ ఒక స్త్రీ.

తెలుగులోకి తెచ్చేవాళ్ళకు ఒక చిక్కు మాత్రం అలాగే ఉంది. ఫ్రెంచ్‌లో ఈ మాటలు తారుమారు. అక్కడ క్యూరే అంటే ఊరి అసలు గురువు, వికేర్ అంటే అతని సహాయకుడు. బాల్జాక్ రాసిన 'ల క్యూరే ద తూర్' ఒక ఇంగ్లిష్ అనువాదంలో 'ది వికార్ ఆఫ్ తూర్స్' అయింది. ఫ్రెంచ్ నవలలు మనకు ఎక్కువగా ఇంగ్లిష్ మీదుగానే వస్తాయి కాబట్టి, ఫ్రెంచ్ కథలో వికార్ కనిపించినప్పుడు అది ఇంగ్లిష్ అనువాదకుడు పెట్టిన వికారా, మూలంలోని వికేరా అన్నది ముందు చూసుకోవాలి. మూలంలోనే వికేర్ ఉంటే ఆ మనిషికి సొంత చర్చి ఉండదు, ఇంకొకరి కింద పనిచేస్తుంటాడు.